ఆవిడ పదహారు చాలంది

అక్కయ్యా,

ఫోను చేయకుండా ఇదేమిటి ఉత్తరం రాసింది అని కవరు చూడగానే కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకే ఒళ్ళు మండుతోంది. ఫోనులో చెబుదామంటే నువ్వు స్పీకరు పెడతావు, బావగారు సోఫాలోంచి "చూసీ చూడనట్టు పోవాలమ్మా" అంటారు. చూసీ చూడనట్టు పోయే ఓపికే నాకుంటే నా కాపురం ఇలా ఎందుకుంటుంది? అందుకని రాస్తున్నాను. చదివి దాచుకోకు, చింపెయ్యి.

మన పిడుగుకి, అదే నా పుత్రికారత్నానికి, కంప్యూటరు కావాలట. చదువుకునేది కాదు, ఆటలాడుకునేది. కాలేజీలో నలుగురు ఆడపిల్లల్ని పోగుచేసి జట్టు కట్టింది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడెక్కడి జట్లతోనో పోటీలు పడతారు. ఇప్పటిదాకా కాలేజీ ల్యాబులో ఆడేవాళ్ళు, ఇప్పుడు ల్యాబుకి తాళం వేశారు. నాకు అభ్యంతరం లేదు. నేను దాని వయసులో కుట్టు మిషను కావాలని అమ్మ దగ్గర నేలమీద పడి దొర్లిన సంగతి నీకు తెలుసు కదా.

అసలు మంట ఎక్కడంటే, ఈ కంప్యూటరు వ్యవహారమంతా ఆవిడ చేతుల మీదుగా నడుస్తోంది. ఆవిడంటే ఎవరో నీకు వేరే చెప్పాలా? నీ మాజీ మరిదిగారి ఇప్పటి భార్య. ఆవిడ మా మధ్యలో దూరిన మనిషి కాదు, మేం విడిపోయిన చాలాకాలానికి వచ్చిన మనిషే. న్యాయంగా చూస్తే ఆవిడ మీద నాకు కోపం ఉండకూడదు. కానీ ఉంది, ఏం చెయ్యను? ఒక పెద్ద ఆఫీసులో పాడైన కంప్యూటర్లన్నీ బాగుచేసే గదికి ఆవిడే పెద్ద. పిల్ల శని, ఆదివారాలు అక్కడికి వెళ్తుంది కదా, ఇద్దరూ డైనింగు టేబుల్ మీద ఏదో పాత కంప్యూటరు విప్పుకుని కూర్చుంటారట. నా దగ్గర సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళు లాగుతున్నాయి అనే పిల్ల, అక్కడ చీమంత మరలు ఏరి వరసగా పెడుతుందట. వాళ్ళ నాన్నే మురిసిపోతూ చెప్పాడు.

మొన్న ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది. ఆవిడ ఈ బాక్సు మంచిదంది, ఆవిడ ఈ కార్డు తీసుకోమంది, ర్యామ్ పదహారు చాలంది.

"ర్యామ్ అంటే?" అన్నాను.

"మెమరీ అమ్మా. పదహారు జీబీ."

"పదహారే ఎందుకు? అంతకంటే పెద్దది లేదా?"

"ఉంటాయి. కానీ చాలంది కదా. ఆవిడకి తెలుసమ్మా."

ఆవిడకి తెలుసు! ఆ మాట అక్కడితో వదిలెయ్యలేకపోయాను. మర్నాడు కస్టమరుకి కొలతలు తీస్తూ కూడా అదే నమిలాను. నడుము కొలత చెప్పమంటే "పదహారు" అన్నాను. ఆ కస్టమరు పాపం ఎంత సంతోషపడిందో!

ఇంతలో నీ మాజీ మరిదిగారు ఫోను చేశాడు. "మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది, కంప్యూటరు ఇక్కడే పెట్టేద్దాం" అన్నాడు, ఏదో పూలకుండీ సంగతి మాట్లాడినంత తేలిగ్గా. నాకు విషయం అప్పుడు వెలిగింది. ఆ బాక్సు బస్సులో తీసుకుని తిరిగేది కాదు అక్కయ్యా, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అది ఎవరింట్లో ఉంటే పిల్ల వాళ్ళింట్లో ఉంటుంది. ముందు శుక్రవారం సాయంత్రమే వెళ్తానంటుంది. తర్వాత పోటీ ఉందని సోమవారం కూడా అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత నా దగ్గరికే శని, ఆదివారాలు వస్తుంది, చుట్టంచూపుగా.

ఆ మధ్యాహ్నమే కొట్టు మూసి కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్థుడే. నేను టైలరునని చెబితే, "ర్యామ్ అంటే మీ కటింగు బల్ల అనుకోండమ్మా. పని చేస్తున్నంతసేపూ గుడ్డ దానిమీద ఉంటుంది. బల్ల చిన్నదైతే మాటిమాటికీ తీసి బీరువాలో పెట్టాలి, మళ్ళీ తెచ్చుకోవాలి" అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో చూడు. "అయితే ఎంత పెద్ద బల్లయితే అంత మంచిదేగా?" అన్నాను. "సగం బల్ల ఖాళీగా పడుంటే మీకేం లాభమమ్మా? ఇంతకీ మీ అమ్మాయి ఏ ఆట ఆడుతుంది?" అన్నాడు.

నాకు తెలియదు. ఆవిడకైతే తెలిసుంటుంది.

ఇంటికొచ్చి ఒక పని చేశాను. కస్టమర్లు బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గది ఉంది కదా, అది ఖాళీ చేసేశాను. ఇక మీద వాళ్ళు కర్టెను చాటున వేసుకుంటారు. కంప్యూటరు ఇక్కడే ఉంటుందని పిల్ల నాన్నకి చెప్పేశాను. ఏం గొడవ పెట్టుకోలేదు, "నీ ఇష్టం" అన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఇంకొకరి మొహం ఎలా ఉందో చూడాలని మాత్రం చాలా అనిపించింది.

నీ,
మిరపకాయ


అక్కయ్యా,

నువ్వు రాసిన నాలుగు ముక్కలూ అందాయి. "పిల్ల బంతి కాదు, చెరో వైపు లాగకండి" అని నీతులు చెప్పావు. నీకు ఇద్దరు మగపిల్లలు, ఇద్దరూ నీ కొంగు వదలరు. నీకేం, ఎన్నయినా చెబుతావు.

బాక్సు వచ్చింది. ఖర్చు నేనూ వాళ్ళ నాన్నా పంచుకున్నాం. ర్యామ్ మాత్రం ఆవిడ తన తరఫున కానుకగా ఇచ్చింది. రెండు తెల్లటి స్టిక్కులు, ఒక్కోటీ ఎనిమిది, వెరసి పదహారు. బాక్సుకి ఒకవైపు అద్దం ఉంటుంది. మీట నొక్కగానే ఆ రెండు స్టిక్కులూ లేత నీలంగా వెలుగుతాయి. అందరూ "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. నేనూ అంటాను. కానీ పళ్ళెం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా నా ఇంట్లో ఆవిడ దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది నాకు.

అసలు విషయానికి వస్తాను. పిడుగు ఆడుతూ, జట్టుతో మాట్లాడుతూ, ఆటని రికార్డు కూడా చేస్తుంది, తర్వాత తప్పులు చూసుకోవడానికి. అన్నీ ఒకేసారి తెరిచేసరికి బొమ్మ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. "చాలట్లేదమ్మా" అంది. నాకు లోపల ఎంత చల్లగా అయిందో నీకు చెప్పలేను. "మరి పదహారు చాలందిగా మీ..." అని ఆపేశాను.

"శనివారం వెళ్ళినప్పుడు ఆవిడ్ని అడుగుతా. అవసరమైతే ఇంకో రెండు తనే పెడతానంది" అంది.

శనివారం దాకా ఎవరు ఆగుతారు? గురువారం పిల్ల కాలేజీకి వెళ్ళగానే కంప్యూటరు ఆన్ చేశాను. దారాల డబ్బా తెచ్చి ఒక్కో నీలం దారం రీలూ ఆ అద్దానికి ఆనించి చూశాను. ఆకాశం రంగు కాదు, నెమలి రంగు కాదు, మధ్యలో ఒకటుంది, జాకెట్ల లైనింగుకి వాడతాను, అది అచ్చం కలిసింది. ఆ రీలు సంచిలో వేసుకుని బయల్దేరాను. మొదటి షాపుకి వెళ్ళలేదు, అక్కడివాడు ప్రశ్నలు వేస్తాడు. నాలుగు వీధుల అవతల ఇంకో షాపుకి వెళ్ళాను.

"ఏ మోడలు కావాలి? పాతవి తెచ్చారా?" అన్నాడు వాడు.

"మోడలు సంగతి నాకొద్దు. తెల్లగా ఉండి ఈ రంగులో వెలగాలి. పదహారువి రెండు ఇవ్వండి" అని రీలు ముందు పెట్టాను. వాడు నావైపోసారి, రీలు వైపోసారి చూసి, ఉన్నవన్నీ వెలిగించి చూపించాడు. రంగు కలపడంలో నన్ను మించినవాళ్ళు లేరని మన వీధంతా అంటుంది. ఇప్పుడు నాలుగూ పక్కపక్కన వెలుగుతుంటే ఏవి పాతవో ఏవి కొత్తవో చెప్పలేవు.

నేనే పెట్టాను అక్కయ్యా! వీడియో చూసి నేనే పెట్టాను. రెండు ఖాళీలున్నాయి. బొటనవేళ్ళతో నొక్కితే టిచ్‌బటన్ పడినట్టు టక్కుమంటుంది. అంతే. దీనికోసం పెద్ద ఆఫీసులో గది ఎందుకో నాకర్థం కాలేదు. తెర మీద నలభై ఎనిమిది అని చూపించింది. అందులో ఆవిడది పదహారు, నాది ముప్పై రెండు. సరిగ్గా రెట్టింపు!

పిడుగు వచ్చి చూసి నోరెళ్ళబెట్టింది. "నువ్వే పెట్టావా? నిజంగా నువ్వేనా?" అని మెడ పట్టుకుని ఊపేసింది. ఫోటో తీసి జట్టుకంతా పంపింది. "ఆవిడకి కూడా పంపు" అన్నాను. "పంపుతాలే తర్వాత" అంది. ఎందుకు తర్వాత అని అడగలేదు, కానీ పంపి ఉంటే బావుండేదని సాయంత్రమంతా అనుకున్నాను.

ఇంకో మాట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వాళ్ళకి పెద్ద పోటీ, ఆఖరి ఆట. అందుకని ఈ శని, ఆదివారాలు నా దగ్గరే ఉంటానంది. నేనడగలేదు, తనే అంది. నువ్వు నీతులు రాసుకో, నాకేం బాధ లేదు.

నీ,
మిరపకాయ


అక్కయ్యా,

ఈసారి చింపకు. ఎవరైనా ఒకరి దగ్గర ఉండనీ.

ఆదివారం మధ్యాహ్నం పిడుగు గదిలో కూర్చుంది. నేను తలుపు పక్కనే స్టూలు వేసుకుని హెమ్మింగు చేస్తున్నట్టు నటిస్తూ చూశాను. మొదటిసారి చూశాను ఆ ఆటని. ఒక వంతెన ఉంది. దాన్ని అవతలి జట్టు పట్టుకోకుండా వీళ్ళైదుగురూ కాపాడాలి. మన పిడుగు వంతెన మధ్యలో నిలబడి అందరికీ పనులు చెబుతోంది. "నువ్వు వెనక్కి రా. నువ్వు మెట్లు చూసుకో. నేనున్నా, భయపడకండి." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా పిల్ల పది మందిని నడిపించగలదని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

గెలుస్తున్నారు. అప్పుడు తెర నీలంగా అయి, ఆగిపోయి, దానంతటదే మళ్ళీ మొదలైంది. పిల్ల మళ్ళీ ఆటలోకి వెళ్ళేలోపల జట్టులో ఇద్దరు పడిపోయారు. మళ్ళీ ఆడింది, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి తెరిచేసరికి వంతెన లేదు, ఆటా లేదు. హెడ్‌ఫోన్లోంచి ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది.

"ఏమైంది బంగారం?" అన్నాను.

"నిన్నెవరు వేలు పెట్టమన్నారు?" అని అరిచింది. "రోజూ బానే ఉంది, ఇవాళ బరువు పడేసరికి పోయింది! ఆవిడ్ని అడిగి పెట్టాలి కదా! ఆవిడైతే ఇలా చేసేది కాదు. నేను నాన్న వాళ్ళింటికి వెళ్ళిపోతా. బాక్సు కూడా తీసుకెళ్తా. అక్కడే ఉంటా."

అని ఫోను తీసింది. వాళ్ళ నాన్నకి కూడా కాదు, ఆవిడకి చేయడానికి. బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. నేను ఆ స్టూలు మీదే కూర్చున్నాను. గుడ్డ మీద కుట్లు ఎక్కడ పడ్డాయో ఇవాళ పొద్దున చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కాసేపటికి ఆవిడ వచ్చింది. మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. నా ఊహలో ఆవిడ పొడుగ్గా, ముక్కు పైకెత్తుకుని ఉండేది. తీరా చూస్తే నా భుజం దాకా వస్తుంది. చేతిలో చిన్న పర్సు, పర్సులో స్క్రూడ్రైవర్లు. కూర్చోమని నేననలేదు. నా కటింగు బల్ల పక్కనుంచి ఒద్దికగా నడిచి వెళ్ళి బాక్సు ముందు నేలమీద కూర్చుంది. అద్దం తీసి చూసింది. ఒక్కసారి నావైపు చూసింది. ఇదిగో, ఇప్పుడు అంటుంది, పిల్ల ముందు నన్ను చదువురాని మొద్దును చేస్తుంది అని పళ్ళు బిగించుకున్నాను.

"రంగు భలే కలిపారండీ" అంది. వెటకారం లేదు, నేను వెతికాను. "కాకపోతే రెండు జతలకీ వేగం వేరు. మామూలు పనికి సర్దుకుపోతాయి. పని ఎక్కువయ్యేసరికి తడబడతాయి. ఏదో ఒక జత తీసెయ్యాలి."

తీసింది. నావే తీస్తుందనుకుని మొహం తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆవిడ చేతిలో ఉన్నవి ఎనిమిదివి, తను ఇచ్చినవే.

"అవి నువ్విచ్చినవి కదా పిన్నీ?" అంది పిడుగు. పిన్నీ! నా ఎదురుగా ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అవును. మీ అమ్మ కొన్నవే మంచివి. నువ్వు ఆడుకుంటూ, మాట్లాడుకుంటూ, రికార్డు కూడా చేస్తావు కదా. దానికి ముప్పై రెండు కావాలి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, అంతకంటే తక్కువైతే చాలదు."

"మరి నువ్వే కదా పదహారు చాలన్నావు?"

ఆవిడ మొహం కందిపోయింది. "ముందు నీ జట్టుకి ఫోను చేసి చెప్పు, తప్పు నీది కాదని. పాపం ఎదురుచూస్తుంటారు" అని పిల్లని బాల్కనీలోకి పంపింది. తర్వాత మరలు బిగిస్తూ, నావైపు చూడకుండా అంది.

"పదహారు చాలదని నాకు ముందే తెలుసండీ. ఆడటం మొదలుపెట్టాక తక్కువవుతుంది, అప్పుడు మళ్ళీ నా దగ్గరికి వస్తుంది కదా అని అలా చెప్పాను. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే ఇంక నాతో పనేముంటుంది? మా ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి వచ్చినా మీకే ఫోను చేస్తుంది. ఎదురుగా నేనుంటాను. 'అమ్మా, ఏ మాత్ర వేసుకోను?' అని మిమ్మల్నే అడుగుతుంది. నన్నడిగేది ఈ డబ్బా గురించి ఒక్కటే. మిమ్మల్ని చూస్తే నాకు ఎంత కుళ్ళో మీకు తెలీదు."

ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే కుళ్ళుతున్నాననుకున్నాను, అటువైపు కూడా అదే మంట మండుతోందని ఎవరికి తెలుసు? ఒక పిల్ల కంప్యూటరుకి మెమరీ ఎంత కావాలి అని ఇద్దరు ఆడవాళ్ళు లెక్క వేస్తే, ఒక్కరూ ఆ పిల్ల ఆటని చూసి లెక్క వేయలేదు. ఆవిడ తగ్గించింది, నేను పెంచాను. మధ్యలో దాని వంతెన పోయింది.

ఆవిడ వెళ్ళేటప్పుడు ఆ రెండు స్టిక్కులూ నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. బ్యాగు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. రేపు వాళ్ళ నాన్న వస్తాడు, బాక్సు ఎవరింటికో రేపు తేలుతుంది. ఇంతకుముందైతే తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేది అక్కయ్యా. ఇప్పుడు ఆ సుఖమూ పోయింది.

నీ చెల్లి


పిడుగు వాళ్ళ పిన్నిగారికి,

ఫోనే చేద్దామనుకున్నాను. నా గొంతు సంగతి నాకు తెలుసు, మంచి మాటైనా పుల్లవిరిచినట్టే వస్తుంది. అందుకని రాస్తున్నాను.

బాక్సు మా ఇంట్లోనే ఉండిపోయిందని మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజు వాళ్ళ నాన్న వచ్చినప్పుడు పిడుగు బ్యాగు విప్పేసి, "ఇది ఇప్పుడు బానే నడుస్తోంది, ఇక్కడే ఉండనీ" అంది. నాతో మాటలు కూడా కలిపింది. నేను గెలిచాను. దాచడం దేనికి, ఆ పూట పాట పాడుకుంటూ కుట్టుకున్నాను.

తర్వాత శనివారం వచ్చింది. బట్టలు సర్దుకోమంటే, "ఈ వారం వెళ్ళనమ్మా, ప్రాక్టీసుంది" అంది. ఆ పై వారం కూడా అదే మాట. నేను మొన్న దేనికి భయపడ్డానో అదే జరుగుతోంది, కాకపోతే మీ ఇంట్లో. శనివారం పొద్దున మీరు మంచం మీద దుప్పటి మార్చి ఉంటారు. దానికి ఇష్టమైనదేదో వండి ఉంటారు. గేటు చప్పుడైనప్పుడల్లా చూసి ఉంటారు. వాళ్ళ నాన్న "రాలేదా? సరేలే, వచ్చే వారం వస్తుంది" అని పేపరు తిరగేసి ఉంటాడు, నాకు తెలుసు ఆయన సంగతి. నేను గెలిస్తే మీకెలా ఉంటుందో ఈ లోకంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకే ఆ గెలుపు నాకు వంటబట్టలేదు.

మీరు నా బల్ల మీద వదిలేసిన జత ఈ పార్సెలులో ఉంది. దాంతోపాటు ఇంకో జత పెట్టాను. ఈసారి రంగు చూడలేదు. మొదటి షాపుకే వెళ్ళి, మీ జత చూపించి, అదే రకం, అదే వేగం అడిగాను. కుర్రవాడు నాలుగూ కలిపి పెట్టి నా ముందే చాలాసేపు నడిపి చూపించాడు. మీదొక పదహారు, నాదొక పదహారు. మీ ఇంట్లో పాత బాక్సులున్నాయట కదా. వాటితో పిల్లకి ఒకటి తయారుచెయ్యండి, ఖాళీగా ఉన్న ఆ గదిలో పెట్టండి. శనివారం అది తన ప్రాక్టీసు మీ ఇంట్లో చేసుకుంటుంది. వంతెన ఎక్కడినుంచి కాపాడినా వంతెనే కదా. ఒకసారి వెనక కూర్చుని చూడండి, అది జట్టుతో ఎలా మాట్లాడుతుందో. మీరూ చూసి ఉండరు.

నాకేదో జ్ఞానోదయం అయిందనుకోకండి. ఈ అక్షరాలు రాస్తుంటే కూడా కడుపు మండుతూనే ఉంది. అది మీ ఇంటి నుంచి నవ్వుతూ వస్తే మళ్ళీ మండుతుంది. దానికి మందు లేదు.

ఈ ర్యామ్ అంతా మీరే కొన్నారని పిల్లతో చెప్పండి అని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ఇద్దరం కలిసి కొన్నామని చెప్పండి.

ఇట్లు,
పిడుగు వాళ్ళ అమ్మ